చెవిలో సాంచ

నాకు భయం ఎక్కువ. ఈ మాట మొదటే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. సూరత్‌లో, లింబాయత్ సందుల్లో సగం జీవితం ఫోన్లూ టాబ్లెట్లూ బాగుచేసి బతికినవాడు బ్యాటరీలకు భయపడ్డాడంటే, ఇప్పుడు కొత్తగా రిపేరు బల్ల ముందు కూర్చుంటున్న మీ వయసు పిల్లలు నవ్వుతారు. నవ్వండి. నా దుకాణంలోనే సగం బల్ల తీసుకుని ఫోన్లకు అద్దాలు అతికించే మహారాష్ట్ర ఖాందేశ్ మిత్రుడు రోజూ నవ్వేవాడు. నాకు ‘డర్‌పోక్ ఉస్తాద్’, అంటే పిరికి మేస్త్రీ, అని పేరు పెట్టింది కూడా అతనే. ఆ పేరు సందంతా పాకింది. అడ్రసు అడిగినవాళ్లకు ఆ పేరే చెప్పి పంపేవారు.

ఆ భయం ఊరికే రాలేదు. మాది ఉత్తర తెలంగాణ నుంచి సాంచల పనికి వచ్చిన కుటుంబం. మరమగ్గాన్ని మావాళ్లు సాంచ అంటారు. మా నాయన పక్కన నిలబడి నేనూ కొన్నాళ్లు సాంచ నడిపాను. ఆ చప్పుడు పడక రేడియోల పనిలోకి, అక్కణ్ణుంచి టీవీలకు, చివరికి ఫోన్లకు వచ్చాను. అన్నీ నన్ను బాగానే చూసుకున్నాయి, బ్యాటరీ ఒక్కటే మోసం చేసింది. చాలాకాలం చచ్చిపడి ఉన్న ఒక ఫోను బ్యాటరీకి నేరుగా కరెంటు ఎక్కిస్తుంటే, అది అప్పడంలా పొంగి, బుస్సుమని పొగ కక్కి, భగ్గుమంది. మా దుకాణానికి పక్కన దారం మెలివేసే కార్ఖానా, పైన సాంచలు, గుమ్మం దాకా దారపు మూటలు. మిత్రుడు పట్టకారుతో దాన్ని పట్టుకుని మోరీలోకి విసిరేశాడు. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు, నా కనుబొమ్మలు కాలడంతో సరిపోయింది. కానీ ఆ తర్వాత చాలాకాలం కళ్లు మూస్తే చాలు, సందంతా తగలబడుతూ కనిపించేది. ఒక నూనె డబ్బా నిండా ఇసుక పోసి బల్ల కింద పెట్టుకున్నాను. చచ్చిన బ్యాటరీ ఎవరు తెచ్చినా, “కొత్తది వేయించుకోండి” అని పంపేసేవాణ్ణి.

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి. టాబ్లెట్ బ్యాటరీ బొత్తిగా అడుగంటితే ఛార్జర్ పెట్టినా ఎక్కదు. లోపల ఒక చిన్న సర్క్యూట్ కాపలా ఉంటుంది. అంత ఎండిపోయిన బ్యాటరీలో ఏం పాడైందో దానికి తెలియదు కాబట్టి కరెంటును రానివ్వదు. మూత విప్పి, బ్యాటరీ కొసలకు బయటినుంచి చాలా తక్కువ కరెంటు చుక్కచుక్కగా ఎక్కిస్తే ఒక్కోసారి లేస్తుంది. ఒక్కోసారి కనుబొమ్మలు పోతాయి.

నేను చెప్పబోయేది దీపావళి సెలవులు అయిపోయి సాంచలు మళ్లీ మొదలైన రోజుల సంగతి. మధ్యాహ్నం భోంచేసి కూర్చున్నాను. సందు చివర నుంచి ఒక ఆడపిల్ల కేకలు వినిపించాయి. ఏడుపు కాదు, కేకలు. మా సందు చివరింట్లో ఉండే సాంచల కార్మికుడి భార్య, తన కూతుర్ని రెక్క పట్టుకుని లాక్కొస్తోంది. పిల్ల రెండు పిడికిళ్లతో తన తలను తనే కొట్టుకుంటోంది.

ఆ పిల్ల మా సందులో అందరికీ తెలుసు. పదేళ్లుంటాయి. చెవులు బాగానే వినిపిస్తాయి, మాట మాత్రం పుట్టినప్పటినుంచీ రాలేదు. ఇలాంటి పిల్లల బడిలో టీచరమ్మ ఒక పాత టాబ్లెట్‌లో బొమ్మలు పెట్టి ఇచ్చింది. బొమ్మ మీద నొక్కితే మాట వినిపిస్తుంది. ఆ మాటలన్నీ వాళ్లమ్మ గొంతుతో రికార్డు చేసినవే. చీర అంచుతో కుట్టిన సంచిలో దాన్ని మెడకు తగిలించుకుని తిరిగేది. తల్లి తిడితే పిల్ల ‘పో’ అని నొక్కేది. తల్లిని తల్లి గొంతే పొమ్మంటుంటే సందంతా నవ్వేది.

ఆ రోజు ఆ టాబ్లెట్ పిల్ల మెడలో లేదు. తల్లి చేతిలో ఉంది, పసుపు కుంకుమలతో.

“కాకా, జర చూడు. ఛార్జింగ్ ఎక్కుతలేదు. రాత్రంత పెట్టిన, లైటు గూడ వస్తలేదు.”

“ఎప్పుడు ఆగిపోయింది బిడ్డా?”

“ఊరికి పోయే ముందట పూజల పెట్టిన కాకా.”

మా ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. సెలవులకు సాంచలు ఆపేముందు కత్తెర, పానాలు, దారం లాగే కొక్కెం, అన్నీ కడిగి పసుపు కుంకుమ పెట్టి దేవుడి ముందు పెడతారు. ఒకసారి పూజలో పెట్టిన పనిముట్టును, సాంచ మళ్లీ మొదలయ్యే రోజు కొబ్బరికాయ కొట్టేదాకా తీయకూడదు. పిల్లకు ఇదే కదా పనిముట్టు అని ఈ తల్లి టాబ్లెట్‌ను కూడా అక్కడే పెట్టింది. బండికి వేళయ్యాక గుర్తొచ్చిందట. పూజలోంచి తీస్తే ఏమవుతుందోనని భయపడి, అలాగే తాళం వేసి ఊరికి పోయింది. ఇక్కడ టాబ్లెట్ దేవుడి ముందు వెలిగి వెలిగి ఆరిపోయి, ఆ తర్వాత ఇంకా ఎండిపోయింది. అక్కడ పిల్ల సెలవులన్నీ మూగగా గడిపింది.

“దేవుని కాడ బిడ్డ నోరు పెట్టి పోయినవా?” అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఆమె కళ్లు తుడుచుకోలేదు కూడా.

“ఊరి కెల్లి రైలెక్కినప్పటి సంది గిట్లనే ఉంది కాకా. తింటలేదు, పంటలేదు. గోడకు తల కొట్టుకుంటుంది. ముట్టుకుంటె కరుస్తుంది. దవాఖానల డాక్టర్ చెయ్యి గూడ కరిచింది. పెద్ద దవాఖానకు తీస్కపోండి, మత్తిచ్చి చూస్తరన్నడు. గని మా బావ ఒప్పుతలేడు. ఊర్ల గాలి సోకిందంటున్నడు. కామ్‌రేజ్ అవతల భువా ఉన్నడంట, మాపటికి ఆటో మాట్లాడిండు.”

దయ్యాలు వదిలిస్తానని చెప్పుకునేవాణ్ణి గుజరాతీలో భువా అంటారు. ఆ భువా గురించి నేనూ విన్నాను. మిరపకాయల పొగ పెడతాడు, గొలుసుతో కొడతాడు. మా పక్క సందులోని ఒకావిడను తీసుకెళ్తే, తిరిగొచ్చాక మనుషుల్ని గుర్తుపట్టడానికే చాలా రోజులు పట్టింది.

“ఆడికి పోతె నా పిల్ల బతకది,” అంది. “మా ఆయన సాంచ కాడ పగటి పాళీల ఉన్నడు, అన్నకు ఎదురు చెప్పడు. ఏం నొస్తుందో దాన్నే చెప్పనీ కాకా. ఇది లేస్తె చెప్తది.”

“కాయితం మీద బొమ్మలు గీసి చూపెట్టరాదు?”

“గీసిన. చింపి పారేసింది. కాయితం మాట్లాడది గద. టీచరమ్మ వాళ్ల ఊరికి పోయిందంట, ఫోన్ కలుస్తలేదు. మాటలన్నీ దీంట్లనే ఉన్నయ్.”

టాబ్లెట్ తీసుకున్నాను. ఛార్జర్ పెట్టే రంధ్రం నిండా కుంకుమ. దీపం నూనెతో తడిసి గట్టిపడి ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది, ఇంతేనేమో అనుకున్నాను. పుల్లతో తవ్వి, స్పిరిట్‌తో కడిగి, తీగ పెట్టాను. తీగ బాగానే కూర్చుంది. తెర మాత్రం నల్లగానే ఉంది. వేరే ఛార్జర్, వేరే తీగ, బటన్లు నొక్కి పట్టుకోవడం, నాకు తెలిసినవన్నీ అయ్యాయి. వెనక మూత వేడిచేసి విప్పి మీటరు పెట్టి చూస్తే, బ్యాటరీ పాతాళంలో ఉంది.

మూత ఊడిన టాబ్లెట్‌ను పిల్ల చూసింది. ఒక్క క్షణం కేకలు ఆగాయి. తర్వాత అంతకు రెట్టింపుగా మొదలై, వెళ్లి షట్టర్‌కు తల బాదుకుంది. తల్లి మధ్యలో చెయ్యి అడ్డం పెట్టింది. దాని నోరు విప్పి బల్ల మీద పరిచినట్టే కదా అది.

మిత్రుడు ఈలోపు స్టేషన్ దగ్గరి మార్కెట్‌కు ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. ఆ మోడల్ పాతది, బ్యాటరీ ముంబై నుంచి రావాలి. అతను ఫోన్ పెట్టేసి నా మొహం చూశాడు. చేయాల్సింది ఏమిటో ఇద్దరికీ తెలుసు.

“నా వల్ల కాదు,” అన్నాను. “పొంగితే? పిల్ల పక్కనే ఉంది. చుట్టూ దారం.”

అప్పుడే పిల్ల పెదబాపు వచ్చాడు, తండ్రికి అన్న. అతను చెడ్డవాడు కాదు. చెమటలు కక్కుతున్నాడు.

“అన్నా, గా డబ్బ ముందట ఎందుకు కూసున్నరు? ఆటో వచ్చి నిలవడ్డది.”

“జరసేపు ఆగు తమ్మీ.”

“ఎట్ల ఆగాలె? నాకేమన్న ఇష్టమా ఆడికి తీస్కపోవుడు? గిట్ల తల కొట్టుకుంట కొట్టుకుంట నా కండ్ల ముందటనే సస్తదని భయమైతుంది.”

ఆ దుకాణంలో అందరం భయపడుతున్నాం. అతనికి గాలి భయం, తల్లికి భువా భయం, నాకు బ్యాటరీ భయం. పిల్ల దేనికి భయపడుతోందో మాకెవరికీ తెలియదు.

మిత్రుడు ఆ రోజు నవ్వలేదు. బల్ల కింది ఇసుక డబ్బా ఎత్తుకెళ్లి సందులో గుమ్మరించాడు. దారం కార్ఖానావాళ్లతో కొట్లాడి మూటలు లోపలికి జరిపించాడు. వచ్చి, నా దగ్గర నేర్చుకున్న వంకర తెలుగులో అన్నాడు. “ఉస్తాద్, బయట చేద్దాం. నేను ఉంటా.”

ఇసుక మధ్యలో ఒక రాయి, రాయి మీద బ్యాటరీ. లోపలి నుంచి పొడవాటి తీగలు లాగాం. నా చేతులు ఎంత వణికాయంటే కొసలు తగిలించడం నా వల్ల కాలేదు. మిత్రుడు నా మణికట్టు పట్టుకున్నాడు. ఎంత తక్కువ కరెంటు పెట్టగలనో అంత తక్కువ పెట్టి, మీటరు వైపు చూస్తూ గొంతుక్కూర్చున్నాను.

అంకె కొంచెం ఎక్కింది. మళ్లీ దిగింది. వేలి వెనక వైపుతో బ్యాటరీని తాకాను. వెచ్చగా ఉంది. ఎండకా, లోపలినుంచా? ఆ సంగతి తెలియకపోతే చావే. మిత్రుడు పరుగెత్తి గొడుగు తెచ్చి బ్యాటరీకి పట్టాడు. దారిన పోయేవాళ్లు ఆగి నవ్వారు. “అరే, దీనికి ఎండదెబ్బ తగిలిందా?” అన్నాడొకడు. ఇంకోసారి తాకాను. నీడలో చల్లబడింది. ఊపిరి తీసుకున్నాను.

తీసుకున్నానో లేదో, వెనక ఠప్పున పేలింది. నేను ఎగిరి వెళ్లి పెదబాపు మీద పడ్డాను. ఇద్దరం కలిసి సందులో వెల్లకిలా పడ్డాం. చూస్తే, ఆటో స్టార్ట్ చేస్తుంటే సైలెన్సర్ కొట్టిన చప్పుడు అది. బ్యాటరీ గొడుగు కింద హాయిగా పడుకుని ఉంది.

“పోదామా లేదా?” అని ఆటోవాడు హారన్ కొట్టాడు.

“జర ఆగు బావా, నీ కాళ్లు మొక్కుత,” అంది తల్లి. మరదలు కాళ్లు మొక్కుతాననేసరికి పెదబాపు తల వంచుకుని, వెళ్లి ఆటో తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

అంకె మళ్లీ కదిలింది. ఈసారి దిగలేదు. పొంగుతోందేమోనని స్టీలు స్కేలు ఆనించి చూశాను, చూసిందే మళ్లీ చూశాను. సరిపడినంత ఎక్కాక తీగలు తీసేశాను. బయటి కరెంటు తీశాక కూడా నిలబడుతుందా లేదా అన్నదే అసలు పరీక్ష. లోపల పాడైన బ్యాటరీ చిల్లుకుండలా వెంటనే కారిపోతుంది. అందరం చుట్టూ చేరి మీటరులో ఆ అంకెనే చూస్తున్నాం. పిల్ల కూడా వచ్చి తల్లి చీర వెనక నుంచి చూస్తోంది. అంకె నిలబడింది.

లోపలికి తెచ్చి బిగించి ఛార్జర్ పెట్టాను. నలుపు. ఇంకా నలుపు. అప్పుడు తెర మధ్యలో ఖాళీ బ్యాటరీ బొమ్మ వెలిగింది. మిత్రుడు నా వీపు మీద ఒక్కటి చరిచాడు. ఇప్పటికీ ఆ దెబ్బ గుర్తుంది.

తెర పూర్తిగా తెరుచుకునేదాకా పిల్ల ఆగలేదు. వెనక మూత ఇంకా పెట్టలేదు, తీగ వేలాడుతోంది. అలాగే లాక్కుంది. ఒక బొమ్మ నొక్కింది.

“చెవి,” అంది తల్లి గొంతు.

ఇంకోటి నొక్కింది. “సాంచ.”

మళ్లీ, “చెవి. సాంచ. నొస్తుంది.” ఆగకుండా అవే మూడు. “చెవి. సాంచ. నొస్తుంది.”

“బాపు కాడికి, సాంచ కాడికి పోతదంటనా?” అన్నాడు పెదబాపు అయోమయంగా.

“కాదు బావా!” తల్లి పిల్ల ముందు కూలబడింది. “ఉరిమితె సాంచ అంటది, మిక్సీ తిరిగితె సాంచ అంటది. పెద్ద చప్పుడు ఏదైన దానికి సాంచనే. దాని చెవుల చప్పుడైతుంది! ఏ చెవి బిడ్డా? ఏ చెవి?”

అంతసేపు తలంతా బాదుకున్న పిల్ల, అడిగిన తర్వాత, నెమ్మదిగా కుడి చెవి మీద వేలు పెట్టింది.

నేను సాంచ పని మానేసినా చాలాకాలం పడుకుంటే చెవుల్లో అదే కొట్టుకునేది. అది ఉత్త చప్పుడే, అయినా పిచ్చెక్కేది. ఈ పిల్ల చెవిలో చప్పుడు చేసేదానికి కాళ్లూ రెక్కలూ ఉన్నాయని తట్టేసరికి నా చెవి నేనే మూసుకున్నాను.

భువా దగ్గరికి మాట్లాడిన ఆటోలోనే మెయిన్ రోడ్డు మీది చెవి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. దారి పొడుగునా నేను పవర్ బ్యాంకు తీగను టాబ్లెట్‌లో అదిమిపట్టి కూర్చున్నాను. ఊడితే ఆరిపోతుందని భయం, వేడెక్కితే పేలుతుందని భయం. డాక్టరమ్మ గుజరాతీ మనిషి, పెద్దావిడ. పిల్లను వెంటనే ముట్టుకోలేదు. నువ్వే చెప్పమన్నట్టు టాబ్లెట్ వైపు చెయ్యి చూపింది. పిల్ల ఆ మూడూ నొక్కింది. తల్లి హిందీలో అర్థం చెప్పింది. ఆవిడ తల ఊపి, చెవిలో చుక్కలు వేసి, లైటు పెట్టి చూసింది. దవాఖానలో చెయ్యి కరిచిన పిల్ల, తల్లి కొంగు పట్టుకుని కదలకుండా కూర్చుంది. తను చెప్పింది కదా, ఎదుటివాళ్లు విన్నారు కదా.

సన్నటి పట్టకారుకు ఒక నల్లటి పురుగు వచ్చింది. కాళ్లు ఇంకా ఆడుతున్నాయి.

లోపలంతా గీరుకుపోయిందని, ఇంకా ఆలస్యమైతే చీము పట్టి చాలా దూరం పోయేదని, పిల్ల చెప్పింది కాబట్టి సరిపోయిందని అంది డాక్టరమ్మ. పెదబాపు బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, అందరూ చూస్తుండగా, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. “గా పొగల పెడ్తుంటి గదనే బిడ్డా,” అంటూనే ఉన్నాడు. పిల్ల ఆటోలోనే నిద్రపోయింది. టాబ్లెట్ మీద చెయ్యి మాత్రం తీయలేదు.

ముంబై నుంచి కొత్త బ్యాటరీ వచ్చాక మార్చాను. పాతదాన్ని ఇసుకలోనే పెట్టి, పనికిరాని బ్యాటరీలు తీసుకునేవాళ్లకు అప్పగించాను. నేను చేసింది చూసి మీరు చేయకండి. కొత్త బ్యాటరీ దొరికే దారి ఉంటే, ఎన్నాళ్లయినా ఆగండి. తప్పనిసరైతే మాత్రం, భయపడే మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి. వేడెక్కితే ముందు తెలిసేది వాడికే. మరుసటి దీపావళికి ఆ తల్లి కుంకుమ బొట్టు సంచికి పెట్టి, హారతి కాగానే తీసి పిల్ల మెడలో వేసింది. “దేవునికి గూడ తెల్వాలె గద కాకా, పిల్ల ఏమంటుందో,” అంది.

నేను దుకాణం వదిలేసే ముందు, ఒకరోజు తల్లీకూతుళ్లు వచ్చారు. టాబ్లెట్‌లో కొత్త బొమ్మలు చేరాయి. అందులో నా ఫోటో కూడా ఉంది. పిల్ల దాన్ని నొక్కింది. “కరెంటు తాత,” అంది తల్లి గొంతు. తర్వాత “భయం” నొక్కి, టాబ్లెట్‌ను బల్ల మీదుగా నా వైపు తోసి, ‘ఉంది’, ‘లేదు’ అనే రెండు బొమ్మలు చూపించి, నా మొహంలోకి చూస్తూ నిలబడింది.

“నిన్ను అడుగుతుంది కాకా,” అంది తల్లి. “ఇప్పటిదాంక అది గావాలె, ఇది గావాలె అనుడే గని, ఎవల్నీ ఏది అడగలే.”

మిత్రుడు అద్దం అతికించడం ఆపి, నవ్వు సిద్ధం చేసుకుని నా వైపు వంగాడు. పెద్దవాణ్ణి, ఉస్తాద్‌ని, లేదని నొక్కితే పోయేది. ఆ రోజు ఇసుక దగ్గర నా చేతులు వణకడం ఆ పిల్ల చూసిందని అప్పుడే అర్థమైంది. వేలు చాపి నొక్కాను.

“ఉంది,” అంది టాబ్లెట్.

మిత్రుడు నవ్వలేదు. పిల్ల టాబ్లెట్‌ను తన వైపు తిప్పుకుని, కాసేపు వెతికి, ఒక బొమ్మ నొక్కింది.

“నాకు గూడ.”